గాలిని మర్చిపోయిన పట్టిక

మేడ మీద గది,
జనవరి 9

మహారాజశ్రీ బావగారి సముఖానికి,

రాస్తున్నది మీ ఆవిడ అన్న. గుర్తుండకపోవచ్చని ముందే చెబుతున్నాను. ఇక్కడ నేను బతికే ఉన్నాను. అక్కడ మీరు బాగున్నారా అని అడగక్కర్లేదు, మీరెప్పుడూ బాగానే ఉంటారు.

నిన్న మీ శిక్షణ బడి నుంచి ఒక అచ్చు కార్డు వచ్చింది. మందపాటి అట్ట, అంచులకి మెరిసే గీత. మన పాత కాగితం మిల్లు బాయిలర్ గదిలో గోడకి వేలాడిన పీడన కొలతల పట్టికని అద్దాల చట్రంలో బిగించి, మార్చి ముప్ఫైన బడిలో ఆవిష్కరిస్తారట. 'పట్టిక రూపకర్త' అని, కింద మీ పేరు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. మీ పేరే.

ఇంక 'మీరు' అని రాయడం నా వల్ల కాదు. మూడేళ్ళు ఒకే బాయిలర్ పక్కన ఒకే మసి పీల్చినవాళ్ళం. బావా, ఆ పట్టిక నాది. నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ గోడకీ తెలుసు.

మిల్లులో ఏం జరిగేదో మర్చిపోయి ఉంటే గుర్తు చేస్తాను. పాత బాయిలర్ గేజీ చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లనేది. కొత్త పంపు చదరపు సెంటీమీటరుకి ఇన్ని కిలోలనేది. కాగితం ఆరబెట్టే రోలర్లు వేరే దేశం నుంచి వచ్చాయి, వాటి గోల బార్ల కొలతలో. వాక్యూమ్ పెట్టెకి పాదరసం మిల్లీమీటర్లు తప్ప ఇంకో భాష రాదు. నలుగురు నాలుగు భాషల్లో అరుస్తుంటే మధ్యలో బొగ్గు పార పట్టుకున్నవాడు ఎవరి మాట వింటాడు? ఇరవయ్యేడు సాయంత్రాలు లెక్కలు కట్టే స్లైడ్ రూల్ పెట్టుకుని కూర్చున్నది నేను. బారుకి పద్నాలుగున్నర పౌండ్లు, కిలోకి పద్నాలుగు పాయింట్ రెండు రెండు అని ఒక్కో గడీ నింపింది నేను. కింద ఏ యంత్రం ఎన్ని పౌండ్లు దాటకూడదో ఎర్ర సిరాతో రాసింది నేను. నువ్వు చేసింది మూలన ఒక సంతకం.

అప్పటికే ఫోర్‌మన్ కుర్చీ నీది. తరవాత బడిలో ఉద్యోగం నీది. ఇరవై రెండేళ్ళు నిన్ను చూడగానే లేచి నిలబడ్డ పిల్లలు నీవాళ్ళు. పుట్టిన దగ్గర్నుంచి నా చొక్కా పట్టుకుని తిరిగిన నా చెల్లెలు కూడా, పెళ్ళైన మర్నాటి నుంచి 'ఆయన అలా అన్నారు, ఆయన ఇలా అన్నారు' తప్ప ఇంకో మాట ఎరగదు. పోనీలే అనుకున్నాను. పట్టిక దగ్గర మాత్రం అనుకోలేను.

పాస్కల్ అనే కొలత ఉంది కదా, ఒక పల్చటి కాగితం బల్ల మీద పడుకుంటే బల్లకి తెలిసేంత ప్రెషర్. అది ఎవరి పేరో ఆయనకి ఒక బావ ఉండేవాడు, అక్క మొగుడు. గాలికి బరువుందని తేల్చడానికి పాదరసం గొట్టం మోయించుకుని కొండెక్కింది ఆ బావ. పేరు కొలతకి పడింది మాత్రం ఇంట్లో కూర్చున్న బావమరిదిది. అక్కడ కొండెక్కిన బావకి పేరు రాలేదు, ఇక్కడ కుర్చీలో కూర్చున్న బావకి వచ్చింది. చరిత్రలో ఎటు తిప్పినా చాకిరీ ఒకడిది, బోర్డు ఇంకొకడిది.

ఆ మూడో రోలర్ పేలిన గొడవ మీద విచారణ జరిగిన రోజున నేను జ్వరంతో పడుకున్నాను కాబట్టి సరిపోయింది. ఆ గదిలో ఉండి ఉంటే పట్టిక ఎవరిదో అందరి ముందూ అప్పుడే తేల్చేసేవాణ్ణి.

మీ ప్రిన్సిపాల్‌కి చెప్పి పేరు మార్పించు. నాకు పిల్లల్లేరు, ఆస్తి లేదు. ఒక్క గోడ మీద నా పేరుంటే చాలు.

మీ ఆవిడ అన్న

*

బడి వెనక వీధి,
జనవరి 20

బావా,

'మహారాజశ్రీ' చూసి మీ చెల్లెలు పడీపడీ నవ్వింది. రెండో పేజీకి వచ్చాక నవ్వు ఆపింది.

కార్డు వేయించింది నేను కాదు. ఇప్పటి ప్రిన్సిపాల్ ఒకప్పుడు నా క్లాసులో ముందు బల్ల మీద కూర్చున్న అమ్మాయి. ఆ రోజుల్లోనే ప్రతిదానికీ 'ఎందుకు సార్' అనేది, ఇప్పుడు ఎవరి మాటా వినదు. పట్టిక పాత సామాన్ల గదిలో దొరికిందట, అద్దం కట్టించింది.

మొన్న డాక్టరు నా రక్తపోటు చూసి నూట అరవై అని మొహం అదోలా పెట్టాడు. పాదరసం మిల్లీమీటర్లు కదా, నేను లోపల్లోపల పౌండ్లలోకి మార్చుకున్నాను. మూడంటే మూడు పౌండ్లు! మన బాయిలర్ అయితే పొద్దున రాజేసిన పది నిమిషాలకే అంతకంటే ఎక్కువ చూపించేది. నవ్వొచ్చేసింది. 'ఎందుకు నవ్వుతున్నారు, ఇది నవ్వే విషయం కాదు' అన్నాడాయన. ఎలా చెప్పను?

పేరు సంగతి. ఆ గోడ మీద నీ పేరు వద్దు బావా. ఎందుకని అడక్కు. ఇన్నేళ్ళు ఊరుకున్నావు, ఇంకొక్కసారి ఊరుకో. కొండెక్కిన బావ గురించి రాశావు. దిగొచ్చాక ఆయన ఎవరితోనైనా పేచీ పెట్టుకున్నట్టు నువ్వు చదివిన పుస్తకాల్లో ఎక్కడైనా ఉందా?

మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?

నీ బావ

*

మేడ మీద గది,
ఫిబ్రవరి 4

బావా,

నా రక్తపోటు నూట డెబ్బై ఎనిమిది. ఇందులోనైనా నేనే పైన. బడి గోడ మీద ఇది కూడా రాయించు.

'ఎందుకని అడక్కు' అన్నావు. దొంగ ఎప్పుడూ అనే మాటే అది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డాక్టరు కథ బాగుంది. నీకు కథలు చెప్పడం మొదట్నుంచీ బాగా వచ్చు. మిల్లు క్యాంటీన్‌లో నువ్వు నోరు తెరిస్తే అందరూ గ్లాసులు పట్టుకుని నీ బల్ల చుట్టూ మూగేవాళ్ళు. నేను నా గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. జోకు సగం నాదే అయ్యుండేది, పొద్దున్నే నీకు నేను చెప్పిందే. ఆ సంగతి ఎవరికైనా చెప్పావా ఎప్పుడైనా?

అది వదిలేయ్. నిన్న ట్రంకు పెట్టె అడుగున ఆకుపచ్చ అట్ట నోట్‌బుక్ దొరికింది. ఇరవయ్యేడు సాయంత్రాలూ అందులో ఉన్నాయి. నా ఏడు అంకెకి నడుం దగ్గర అడ్డగీత ఉంటుంది, నీదానికి ఉండదు. పట్టికలో ప్రతి ఏడుకీ గీత ఉంది. కళ్ళున్నవాడెవడైనా చెబుతాడు ఎవరి చెయ్యో.

ఆఖరి పేజీలో యంత్రాల హద్దులు. ఒకటో రోలర్ ఆరు బార్లు, ఎనభై ఏడు పౌండ్లు. రెండోదీ అంతే. మూడో రోలర్ ఎనిమిది బార్లు. ఎనిమిది పద్నాలుగున్నరలు నూట పదహారు. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క దిద్దుబాటు లేదు. ముత్యాల్లా ఉన్నాయి అంకెలు. ఆ రోలర్ అతుకులో గాస్కెట్ పేలిందంటే, ఆవిరి హద్దు దాటితే బయటికి వదిలే వాల్వు తుప్పు పట్టి ఉంటుంది, దానికి నా పట్టికేం చేస్తుంది?

ఈ పుస్తకాన్ని మీ ప్రిన్సిపాల్‌కి పంపిస్తున్నాను. 'ఎందుకు సార్' అని అడిగే మనిషి కదా, ఇది చూసి నిన్నే అడుగుతుంది. ఏం చెబుతావో నాకూ వినాలనే ఉంది.

నీ భార్య అన్న

*

బడి వెనక వీధి,
ఫిబ్రవరి 15

బావా,

పుస్తకం పంపకు.

కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. నలుగురిలో పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఆ పుస్తకం పొయ్యిలో పడేయ్. పుస్తకం మొత్తం ఉంచుకోవాలనుంటే ఆఖరి పేజీ ఒక్కటి చింపి పడేయ్. మార్చి ముప్ఫైన చేంతాడు కూడా వస్తున్నాడు. గుర్తున్నాడుగా, మన ఫిట్టరు, తలుపు కింద వంగి వచ్చేవాడు. మూడో రోలర్ పేలినప్పుడు కుడిచెయ్యి మోచేతి దాకా కాలినవాడు. వాడి ముందు ఈ గొడవ వద్దు.

పేరు కావాలంటే నా పేరు తీసేయించేస్తాను. ఎవరి పేరూ లేకుండా వేలాడనీ. సరేనా?

నీ బావ

(వెనక పక్క, పెన్సిలుతో)

అన్నయ్యా, కవరు అంటించమని నాకిచ్చి ఆయన మందులకి వెళ్ళారు. అంటించేముందు ఇది రాస్తున్నాను. తెలిస్తే తిడతారు, తిట్టనీ.

నువ్వు ముత్యాల్లాంటి అంకెలని రాశావే, ఆ మూడో రోలర్ లెక్కే తప్పు. నాకు లెక్కలు రావని నవ్వకు. ఇరవై రెండేళ్ళు ఈయన ఇంట్లో పాఠం వల్లించుకుంటుంటే విని విని వచ్చేసింది. గేజీ బయట గాలిలో పెడితే సున్నా చూపిస్తుంది. సున్నా అంటే ఏమీ లేదని కాదు, మన నెత్తిన ఉన్న గాలి బరువే ఇంచుమించు ఒక బారు. గేజీ దాన్ని లెక్కలోకి తీసుకోదంతే. మూడో రోలర్ చేసినవాళ్ళు మాత్రం ఆ గాలిని కూడా కలిపి ఎనిమిది అని రేకు మీద చెక్కారు. పక్కనే చిన్న అక్షరాల్లో ఆ మాట చెప్పారట కూడా. అంటే మీ గేజీ మీద ఏడు దాటకూడదు. ఏడు పద్నాలుగున్నరలు నూట ఒకటిన్నర. నువ్వు నూట పదహారు రాశావు. వాల్వు తుప్పు పట్టలేదు అన్నయ్యా. నువ్వు చెప్పిన చోటే దాన్ని బిగించారు.

కొండెక్కిన బావ కథ, గాలికి బరువుందన్న కథ, మాకు చెప్పింది నువ్వే. మా పెళ్ళైన కొత్తలో, మా ముందుగదిలో కూర్చుని చెప్పావు. ఆ గాలిని తీసెయ్యడం నువ్వే మర్చిపోయావు.

నీకు జ్వరం రాలేదు. విచారణ గదిలో కిటికీ దగ్గర నిలబడి రోలర్ నుంచి ఊడదీసి తెచ్చిన గేజీ గాజుని చొక్కా అంచుతో తుడుస్తున్నావట. ఇన్‌స్పెక్టరు పట్టిక బల్ల మీద పెట్టి 'ఇది ఎవరు చేశారు' అని అడిగితే నువ్వు తుడుస్తూనే ఉన్నావు. ఈయన 'నాదే సార్' అన్నారు. అనమన్నది నేను. నీ ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు, నెల ఉంది. నీ మీద పడితే గేటు బయటే. ఈయన పర్మినెంటు, కిందకి దించుతారేమో గానీ తీసెయ్యరు. 'మా అన్నయ్య కదండీ' అన్నాను. పొద్దున్నే వెళ్ళి పట్టిక మూలన సంతకం పెట్టారు. తారీఖు చూసుకో. రోలర్ పేలింది మే పదకొండున, సంతకం పన్నెండున. ఇల్లు కాలిపోయాక ఎవడైనా కన్నం వేస్తాడా అన్నయ్యా?

ఏడాదిపాటు ఫోర్‌మన్ కుర్చీ దిగి బొగ్గు పార పట్టారు. నేను నా మొగుడి పక్షమని ఊరంతా చెప్పావు. ఒక్కసారి పక్షం ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు నేను ఎంచుకున్నది నిన్ను. ఆ సంగతి ఈయనకి తెలుసు. నీకే తెలీదు.

కళ్ళజోడు మార్చుకో. నీ ఉత్తరాల్లో అక్షరాలు గీత దిగిపోతున్నాయి.

*

మేడ మీద గది,
మార్చి 3

బావా,

చెల్లెలి రాత నాలుగుసార్లు చదివాను. ఐదోసారికి కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. అందుకే ఆలస్యం.

జ్వరం లేదు. ఇన్నేళ్ళు చెప్పుకోగా చెప్పుకోగా నిజంగా వచ్చినట్టే గుర్తుండిపోయింది, నుదుటి మీద తడిగుడ్డతో సహా. ఆ గేజీ గాజు మీద ఏ మరకా లేదు. అయినా తుడిచాను. ఇన్‌స్పెక్టరు అడిగిన తరవాత నువ్వు నోరు తెరవడానికి పట్టిన సమయం నాకు తెలుసు. ముల్లు సున్నా దగ్గర వణుకుతూ ఉంది. నోట్లో మాట ఉంది. 'నాది' అంటే చాలు. గాజు ఇంకోసారి తుడిచాను. నువ్వనేశావు.

తరవాత జరిగిందే నేను ఓర్చుకోలేకపోయింది. 'తప్పు తనదని ఒప్పుకున్నవాడే తప్పెలా జరుగుతుందో నేర్పగలడు' అని ఆ ఇన్‌స్పెక్టరే నిన్ను బడికి సిఫారసు చేశాడని ఏడాది పోయాక తెలిసింది. నా తప్పుకి బహుమతి నీకొచ్చింది! ఎలా నిద్రపడుతుంది చెప్పు? నీ ఉద్యోగం చూసి ఏడుస్తున్నాననుకున్నాను. నీ కుర్చీ చూసి, నీ జోకులు చూసి, నీ బల్ల చుట్టూ మూగే జనాన్ని చూసి ఏడుస్తున్నాననుకున్నాను. కాదు. ఆ 'నాదే సార్' చూసి. అది నా నోట్లోంచి రావలసిన మాట. నా నోట్లోది లాక్కున్నావు నువ్వు.

నువ్వు మంచివాడివి. అది నాకు కొత్త సంగతి కాదు, నిన్ను భరించలేకపోవడానికి అసలు కారణమే అది. చెడ్డవాడివై ఉంటే ఎప్పుడో క్షమించేసేవాణ్ణి.

చెల్లెలికి చెప్పు, కళ్ళజోడు మార్పిస్తానని.

పుస్తకం నిన్న పోస్టు చేశాను, ప్రిన్సిపాల్ పేరు మీద. ఆఖరి పేజీ చింపలేదు. నూట పదహారు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన నూట ఒకటిన్నర వేసి, కింద నా పేరు రాశాను. పట్టిక నాది. తప్పూ నాది. అది కూడా నువ్వే ఉంచుకుంటానంటే ఊరుకోను.

నీ బావ

*

బడి వెనక వీధి,
మార్చి 12

బావా,

చేశావు కదా చివరికి.

ప్రిన్సిపాల్ ఆ పుస్తకం మూడు రోజులు చదివింది. నాలుగో రోజు ఇంటికొచ్చింది, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, 'ఇరవై రెండేళ్ళు మాకు అబద్ధం పాఠం చెప్పారా సార్?' అంది. నా మొదటి క్లాసు మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే. 'ఈ తప్పు నేను చేశాను, దీనివల్ల ఒక మనిషి చెయ్యి కాలింది.' దాని మీదే మిగతా పాఠమంతా నిలబెట్టాను. పాఠం నిజమే. మొదటి వాక్యమే నాది కాదు.

ఇంకో సంగతి నీకు ముందే చెప్పి ఉండాల్సింది. ఆ పట్టికని గొప్పకి వేలాడదియ్యడం లేదు. చట్రం పైన ఇత్తడి రేకు మీద ఏం చెక్కించిందో తెలుసా? 'ఈ పట్టికలో ఒక తప్పుంది. అది కనిపెట్టాకే ఈ గదిలో వాల్వు మీద చెయ్యి వెయ్యండి.' అందుకే నీ పేరు వద్దన్నాను. గోడ మీద పేరు అడిగినవాడికి ఆ గోడ ఎలా చూపించను?

నిజం చెప్పనా? ఆ తప్పు నాకు అలవాటైపోయింది. పెంచుకున్న కుక్కలా వెనకాలే వచ్చేది. ఇప్పుడు నువ్వొచ్చి గొలుసు పట్టుకుని తీసుకుపోతుంటే నాకూ కొంచెం కుళ్ళుగానే ఉంది. మీ చెల్లెలితో అంటే, 'మీ ఇద్దరికీ తప్పు కూడా ఆస్తేనా' అంది.

ముప్ఫైన రా. మొహం చాటెయ్యకు. ఈసారి చొక్కా అంచుతో ఏదీ తుడవకు.

నీ బావ

*

మేడ మీద గది,
ఏప్రిల్ 2

ఒరేయ్ బావా,

ఇంటికి చేరాను. మోకాళ్ళు తిడుతున్నాయి, అది వేరే సంగతి.

ముందుగా ఒక ఫిర్యాదు. నీ పేరు ఇత్తడి మీద ఉంది. నాది దాని మీద అంటించిన కాగితం ముక్క, అదీ వంకరగా. ఒక మూల అప్పుడే లేచింది. 'కొత్త రేకు చెక్కిస్తున్నాం, వారంలో వస్తుంది' అంది మీ ప్రిన్సిపాల్. చూస్తాను. కాగితం కింద నీ పేరులో మొదటి అక్షరం ఇంకా కనిపిస్తోంది. నువ్వు కావాలని సరిగ్గా అంటించనివ్వలేదని నా అనుమానం.

రెండోది. ఆ వెనక వరసలో అమ్మాయి ఇత్తడి రేకు చదివి, పక్కన పెట్టిన మూడో రోలర్ రేకు చూసి ఎంతసేపట్లో తప్పు పట్టుకుంది? నాలుగు నిమిషాలు. నేను గోడ గడియారం చూశాను. నాకు ముప్ఫై నాలుగేళ్ళు పట్టింది. ఆ పిల్ల మీద కూడా కుళ్ళుకుంటున్నానని రాస్తే నవ్వుతావు. నవ్వుకో.

ఇప్పుడు నువ్వు చూడనిది చెబుతాను. నువ్వు లోపల అందరికీ చేతులు కలుపుతున్నప్పుడు నేను వరండాలో కుళాయి దగ్గర నిలబడ్డాను. చేంతాడు వచ్చాడు. ముసలివాడైనా అంత పొడుగూ అలాగే ఉంది, తలుపు కింద ఇంకా వంగుతున్నాడు. ఎడంచేత్తో కుళాయి తిప్పాడు. కుడిచేతి వేళ్ళు సగమే ముడుచుకుంటాయి, ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. తెలుసుకోవడానికి ఎప్పుడూ వెళ్ళలేదు కదా.

'నువ్వా?' అన్నాడు. 'నేనే' అన్నాను. చాలా మామూలుగా వచ్చేసింది ఆ మాట. ఇంత చిన్న మాటకా నేను అంతసేపు గాజు తుడిచింది?

నీళ్ళు కట్టేశాడు. నా మొహం కేసి చూశాడు. 'మీ బావ ప్రతి ఏడూ మే పదకొండున మా ఇంటికొచ్చేవాడు' అన్నాడు. 'గుమ్మంలోంచే మొదలెట్టేవాణ్ణి. నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. కూర్చుని అంతా విని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవాడు. ఒక్క ఏడు మానలేదు. ముప్ఫై నాలుగేళ్ళు తప్పు మనిషిని తిట్టానన్నమాట. ఇప్పుడేం చెయ్యమంటావు? మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాలా?'

'మొదలెట్టు' అన్నాను.

'ఇక్కడ కాదు, ఆడపిల్లలున్నారు' అన్నాడు. 'ఇంటికి రా.'

ఇన్ని ఉత్తరాలు రాశావు. ఈ ఒక్కటి చెప్పలేదు నువ్వు. మోకాళ్ళు అడిగావు, రక్తపోటు చెప్పావు, ఇది దాచావు. కొండెక్కిన సంగతి ఎవరికీ చెప్పని బావవి నువ్వే అన్నమాట.

సరే, విను. మే పదకొండున వాళ్ళింటికి నేను వెళుతున్నాను. నువ్వు రావద్దు. గుమ్మం దాకా కూడా రావద్దు. చెల్లెలికి చెప్పి నిన్ను ఇంట్లో పెట్టి గడియ వేయిస్తాను. ముప్ఫై నాలుగేళ్ళ నా తిట్లన్నీ ఒక్కడివే తినేశావు. ఈసారివి నావి. ఒక్కటి కూడా నీకు మిగల్చను.

నీ బావ